పెద్దవీధి బడిలో మన బెంచీ

తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్)లో 1852లో తెలుగు మగపిల్లల కోసం ఒక బడి, తమిళ మగపిల్లల కోసం ఒక బడి పుట్టాయి. ఆ రెండూ కలిసి ఎదిగిన హిందూ హైస్కూలు కథలో తెలుగువాళ్లు మరిచిపోయిన సగం ఇది.

మాధవరంలో కొత్త బస్‌స్టాండు 2018లో మొదలైన దగ్గర్నుంచి ఆంధ్ర బస్సులు అక్కడే ఆగుతున్నాయి. నెల్లూరు, కాళహస్తి, తిరుపతి వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని బస్సులో వచ్చే కుటుంబం చెన్నైలో మొదట కాలుపెట్టేది ఆ ప్రాంగణంలోనే. అద్దె ఇంటి వేట ఒక పక్క సాగుతుండగానే రెండో బెంగ మొదలవుతుంది. పిల్లాణ్ణి ఏ బడిలో వెయ్యాలి? ఇంగ్లీషు బాగా వచ్చే బడి కావాలి. తెలుగు మరిచిపోకూడదు. ఊరి పద్ధతులు చెడకూడదు. ఫీజు అందుబాటులో ఉండాలి. సుమారు నూట డెబ్బై ఏళ్ల కిందట ఇదే పట్నంలో కాపురమున్న తెలుగు తండ్రులకు సరిగ్గా ఇవే బెంగలు ఉండేవి. వాళ్లు వెతుక్కున్న దారి తిరువల్లిక్కేణి పెద్దవీధిలో ఎర్ర ఇటుకల మేడగా ఇప్పటికీ నిలబడి ఉంది.

ఇప్పుడు దాని పేరు హిందూ హయ్యర్ సెకండరీ స్కూలు. పార్థసారథి స్వామి కోవెలకు నడిచి వెళ్లేంత దూరం. 1852లో అది ఒక బడి కాదు, రెండు. తమిళ పిల్లలకు ద్రావిడ పాఠశాల, తెలుగు పిల్లలకు హిందూ ఆంధ్ర బాలుర పాఠశాల. కొన్నేళ్లకు రెండూ ఒకటై ట్రిప్లికేన్ ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలు అయ్యాయి. పందొమ్మిదో శతాబ్దం ముగుస్తుండగా హిందూ హైస్కూలు అన్న పేరు స్థిరపడింది. ఈ బడి గురించి ఇంగ్లీషులో, తమిళంలో చాలా చెప్పుకున్నారు. దాని పునాదిలో ఆంధ్ర అన్న మాట ఉందని చెన్నై తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఇలాంటి బడి ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి పోవాలి. అంతకుముందు బడులు లేవని కాదు. గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ లెక్కలు అడిగాడు. అవన్నీ చేరాక మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. ఊరూరా వీధి అరుగు మీద, కోవెల మంటపంలో, చెట్టు కింద అయ్యవారు ఉన్నారు. ఇసుకలో ఓనమాలు, తరవాత తాటాకు, ఎక్కాలు, శతకాలు. తప్పు చేస్తే గుంజీలు, కోదండం. ఆ బడుల్లో ఏం తక్కువో చెప్పినవాడూ తెలుగువాడే. ఒంగోలు ప్రాంతంలో 1784లో పుట్టి, సొంత తెలివితో ఇంగ్లీషు నేర్చి, మద్రాసు సదర్ కోర్టులో దుబాసీ (అనువాదకుడి) పని చేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి ఒక నివేదిక రాశారు. పిల్లలు పద్యాలు వల్లిస్తున్నారు, అర్థం మాత్రం తెలియడం లేదు అన్నది అందులో ఆయన బాధ. మన బడుల గురించి మనవాడే నిర్మొహమాటంగా రాసిన తొలి విమర్శల్లో దాన్ని ఒకటిగా లెక్కించాలి.

ఆ అరుగుబడిని తక్కువ చేసి చూడవద్దని చెప్పే సాక్ష్యం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో ఆండ్రూ బెల్ అనే పాదిరి పర్యవేక్షకుడయ్యాడు. ఒకరోజు మన పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దుతుంటే చూశాడు. తన ఆశ్రమంలో అదే మొదలుపెట్టాడు. ముందు నేర్చిన కుర్రవాడు వెనక వచ్చినవాడికి చెప్పాలి, పంతులు పైనుంచి కనిపెట్టుకుని ఉండాలి. 1796లో ఇంగ్లండు తిరిగి వెళ్లి, మరుసటి ఏడు ఈ పద్ధతి మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండులో వేల బడులకు పాకింది. బెల్ సొమ్ముతో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో వెలిసిన బడిని ఈనాటికీ మద్రాస్ కాలేజీ అనే పిలుస్తున్నారు. మన ఇసుక అక్షరాలు సముద్రం దాటాయి. అక్కడి గ్రామర్ స్కూళ్లు ఇక్కడికి వచ్చాయి. హైదరాబాదులో 1834 నాటికే సెంట్ జార్జి గ్రామర్ స్కూలు ఉంది. మద్రాసు తొలి బిషప్పు డేనియల్ కోరీ పేరుతో 1836లో ఇక్కడ గ్రామర్ స్కూలు వచ్చింది. అవి ప్రధానంగా తెల్లవాళ్ల పిల్లలకు, వాళ్ల మతం వాళ్లకు.

మనవాళ్లకు ఇంగ్లీషు కావాలి. ఈస్టిండియా కంపెనీ కొలువుకు, కోర్టు పనికి, వ్యాపారానికి అది లేకుండా గడవదు. 1839 నవంబరులో అడ్వొకేట్ జనరల్ జార్జి నార్టన్ డెబ్బై వేల సంతకాలతో ఒక వినతిపత్రాన్ని గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ చేతికి ఇచ్చాడు. ఇంగ్లీషు చదువు చెప్పండి, మా మతం జోలికి రాకండి అన్నది దాని సారాంశం. దాని ఫలితంగా 1841లో ప్రభుత్వ హైస్కూలు తెరిచారు. ప్రెసిడెన్సీ కాలేజీకి అదే మూలం.

ఆ ఏడే ఇంకో సంగతి జరిగింది. జాన్ ఆండర్సన్ నడిపే స్కాటిష్ మిషన్ బడిలో మంచి ఇంగ్లీషు చెబుతారని పేరు. పెద్దకులాల పిల్లలు కూడా అక్కడికే పోయేవారు. 1841 జూన్‌లో రాజగోపాలు, వెంకటరామయ్య అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. పట్నం అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని చేయిపట్టుకు లాక్కుపోయారు. బడి ఖాళీ అయినంత పనైంది. పదకొండేళ్ల తరవాత, అంటే తిరువల్లిక్కేణిలో మన బడి పెట్టిన 1852లోనే, బందరులో రాబర్ట్ నోబుల్ బడిలోనూ ఇదే కథ నడిచింది. చదువు కావాలి, కానీ చదువుకు పంపిన కొడుకు ఇంటికి తిరిగిరాడేమోనన్న భయం. హిందూ హైస్కూలు పేరులో ఉన్న హిందూ అన్న మాటను ఇవాళ్టి కళ్లతో కాక, ఆ భయం నుంచి చదవాలని నా అభిప్రాయం. అందులో ఆత్మగౌరవం ఉంది. ఇతరులకు తలుపు వేసే గుణం కూడా ఉంది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ఆ భయానికి మొదట డబ్బుతో మందు వేసినవాడు 1841 నాటికి చచ్చిపోయి దాదాపు యాభై ఏళ్లయింది. మాధవరం, రెడ్ హిల్స్ దాటి వెళితే వచ్చే పెరియపాళెంలో 1754లో పుట్టాడు పచ్చయప్ప మొదలియారు. తండ్రి లేని పిల్లవాడు. నారాయణ పిళ్లె అనే దుబాసీ ఆశ్రయంలో పెరిగి, తానూ దుబాసీ అయి, తంజావూరు రాజు వ్యవహారాల దాకా ఎదిగాడు. నలభై ఏళ్లకే, 1794లో పోయాడు. పోయేముందు రాసిన వీలునామాలో దేవుడికీ ధర్మానికీ లక్ష వరహాలు విడిచిపెట్టాడు. ఆ సొమ్ము దశాబ్దాల పాటు కోర్టులో నలిగింది. దావా తెమిలేసరికి వడ్డీతో పెరిగిపోయింది. కోవెళ్లకు ఇవ్వవలసింది ఇవ్వగా మిగిలినదాన్ని చదువుకు పెట్టాలని నార్టన్ పట్టుబట్టాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె లాంటి స్థానిక పెద్దలు తోడు నిలిచారు. కాశీయాత్ర చరిత్ర రాసిన మన ఏనుగుల వీరాస్వామయ్యకు ఆప్తమిత్రుడు ఈ శ్రీనివాస పిళ్లె. 1842 జనవరి 1న బ్రాడ్వేలో పచ్చయప్ప బడి తలుపులు తెరిచింది. 1850లో చైనాబజారు రోడ్డు మీద ఏథెన్సు గుడి నమూనాలో స్తంభాల హాలు కట్టారు. ఫ్లవర్ బజారుకు వెళ్లే తెలుగువాళ్లు ఇప్పటికీ దాని ముందునుంచే నడుస్తారు.

తెలుగువాడికి ఆ బడి ఇంకో రకంగా దగ్గర. పరవస్తు చిన్నయసూరి ప్రెసిడెన్సీకి వెళ్లకముందు పచ్చయప్ప బడిలో తెలుగు చెప్పారు. శ్రీపెరుంబుదూరులో పుట్టి, మద్రాసు బడిపిల్లల మధ్య బతికిన మనిషి ఆయన. 1853లో నీతిచంద్రిక, 1855లో బాలవ్యాకరణం. పేరులోనే బాలుడున్నాడు. రెండూ పండితసభ కోసం రాసినవి కావు, బడిలో బెంచీ మీద కూర్చున్న కుర్రవాడి కోసం రాసినవి. వెన్నెలకంటి సుబ్బారావు 1820లో ఏది లేదని బాధపడ్డారో, అది ముప్పై అయిదేళ్లకు ఈ పట్నంలోనే తయారైంది. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా తెలుగు చదివిన ప్రతివాడి వ్యాకరణమూ చెన్నపట్నం బడిపంతులు పెట్టిన భిక్ష. ఈ మాట చెన్నై తెలుగు సభల్లో ప్రతి ఏడూ గట్టిగా చెప్పుకోవలసినది.

ఇక తిరువల్లిక్కేణి. పచ్చయప్ప బడికి పెద్ద నిధి ఉంది, ప్రభుత్వ హైస్కూలుకు ఖజానా ఉంది. ఇక్కడ ఉన్నది పేట మాత్రమే. కోవెల చుట్టూ వైష్ణవ కుటుంబాలు, ఆ పక్కన చేపాకం నవాబు కోట, గుమాస్తాలు, వకీళ్లు, పంతుళ్లు, అంగళ్లవాళ్లు. రెండు భాషలవాళ్లు ఒకే వీధిలో ఉంటూ, ఎవరి పిల్లలకు వాళ్ల భాషలో బడి పెట్టుకున్నారు. ఆ 1852 మద్రాసుకు మేలుకొలుపు సంవత్సరం. గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాసు నేటివ్ అసోసియేషను పెట్టి, కంపెనీ పాలన మీద లండన్ పార్లమెంటుకు ఫిర్యాదు పంపిన ఏడాది కూడా అదే. రెండేళ్లకు, 1854లో, లండన్ నుంచి వచ్చిన వుడ్ ఉత్తర్వు సొంతంగా నడిచే బడులకు సర్కారు సాయం ఇవ్వవచ్చని చెప్పింది. 1857లో విశ్వవిద్యాలయం వచ్చింది, దాంతో మెట్రిక్యులేషను వచ్చింది. పేటబడి పరీక్షల బడి అయింది.

రెండు బడులు కలవడమే ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం. తెలుగూ తమిళమూ ఒకే కప్పు కిందికి వచ్చాయి, రెండూ నిలిచాయి. మద్రాసు బడుల్లో చదివిన పాతతరం పెద్దలకు ఆ ఏర్పాటు బాగా తెలుసు. లెక్కలకు, ఇంగ్లీషుకు అందరూ కలిసి కూర్చునేవారు. భాష పీరియడు గంట కొట్టగానే పుస్తకాలు సర్దుకుని తెలుగువాళ్లు ఒక గదికి, తమిళులు ఒక గదికి, సంస్కృతం తీసుకున్నవాళ్లు మరో గదికి వెళ్లేవారు. మళ్లీ గంట కొడితే మళ్లీ ఒకే బెంచీ. ఎవరి భాషనూ ఎవరూ వదులుకోనక్కరలేకుండా కలిసి చదువుకునే ఆ పద్ధతిని ఏ కమిటీ సిఫారసూ లేకుండా మద్రాసు బడులు నడిపి చూపించాయి.

ఆ బడి గుణం ఎలాంటిదో పంతుళ్లను చూస్తే తెలుస్తుంది. పాఠం చెప్పి ఇంటికి పోయే రకం కాదు వాళ్లు. ట్రిప్లికేన్ ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలుకు హెడ్మాస్టరుగా పనిచేసిన జి. సుబ్రహ్మణ్య అయ్యరు ఇరవైమూడేళ్ల వయసులో, 1878 సెప్టెంబరు 20న, మరో అయిదుగురితో కలిసి ‘ది హిందూ’ పత్రిక మొదలుపెట్టారు. ముత్తుస్వామి అయ్యరును హైకోర్టు జడ్జీగా వేస్తే తెల్లవాళ్ల పత్రికలు ఎగతాళి చేశాయని వాళ్ల కోపం. చేతిలో డబ్బు లేదు. రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, మింటు వీధిలోని శ్రీనిధి ప్రెస్సులో ఎనభై ప్రతులు వేయించారు. ఆ ఆరుగురిలో ఇద్దరు పంతుళ్లు, నలుగురు లా చదివే కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లలో ఒకరు మన న్యాపతి సుబ్బారావు పంతులు. తరవాత రాజమండ్రి వెళ్లి వకీలుగా, చింతామణి పత్రిక నిర్వాహకుడిగా పేరు తెచ్చుకున్న మనిషి ఆయనే. తిరువల్లిక్కేణి గదుల్లో, అరుగుల మీద జరిగిన మాటల్లోంచి ఒక జాతీయ పత్రిక పుట్టింది. పుట్టినప్పుడు తెలుగు గొంతు కూడా అందులో ఉంది.

తరవాత వచ్చిన హెడ్మాస్టరు వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి. వలంగైమాన్‌లో పేద పురోహితుడి కొడుకు. ఆయన ఇంగ్లీషు విని ఇంగ్లండువాళ్లే ఆశ్చర్యపోయారన్నది అందరికీ తెలిసిన కథ. గాంధీ తన ఆత్మకథ ఇంగ్లీషు అనువాదాన్ని ఆయనకు చూపించి దిద్దించుకున్నారు. అయితే ఆయన గురించి నేను మొదట చెప్పదలచినది ఆ ఇంగ్లీషు కాదు. పంతుళ్లకు ఒక సంఘం ఉండాలని మద్రాసు టీచర్స్ గిల్డు పెట్టడంలో ముందు నిలిచారు. పేటలో సరుకుల ధరలు మండిపోతుంటే 1904లో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీని స్థాపించినవారిలో ఆయనొకరు. టి.యు.సి.ఎస్. అంటే చెన్నైలో తెలియని ఇల్లాలు ఉండదు. ఆ బియ్యం డిపో వెనక ఒక హెడ్మాస్టరు ఉన్నాడు. 1907లో గోఖలే పిలుపుతో సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో చేరి, బడి విడిచి దేశానికి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లిన పదిహేనేళ్లకు, 1922లో, ఒక పన్నెండేళ్ల పిల్లవాడు ఇదే బడిలో చేరాడు. అంతదాకా ఇంట్లోనే చదువుకున్నాడు. మొదటి ఏడు అతనికి బడి రుచించలేదు. తనకు కావలసిన లెక్కలు లేవు, చరిత్ర భూగోళాలు ఉన్నాయి. పై తరగతిలో ఆల్జీబ్రా, జామెట్రీ రాగానే అతను వేరే పిల్లవాడైపోయాడు. బడి మొదలుపెట్టకముందే పుస్తకం పూర్తి చేసేవాడు. 1925లో ప్రెసిడెన్సీకి వెళ్లాడు. 1983లో నక్షత్రాల పరిణామం మీద చేసిన పనికి నోబెల్ అందుకున్నాడు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. పెద్దవీధి బడి గోడల మీద ఎన్ని పేర్లు రాసుకున్నా ముందు రాసే పేరు అదే. మంచి బడి మేధావిని తయారు చేస్తుందని నేను అనను. ఆకలిగా ఉన్న పిల్లవాడి ముందు సరైన సమయానికి సరైన పుస్తకం పెడుతుంది, అంతే. ఆ రెండో ఏడాది లెక్కల పంతులుకు కూడా ఆ బహుమానంలో పాలుంది.

ఇన్ని మెచ్చుకున్నాక బయట నిలబడ్డవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. మన్రో లెక్కలోని 1,88,650 మంది పిల్లల్లో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. కొత్త బడులు ఆ లెక్కను దిద్దలేదు. ఆంధ్ర బాలుర పాఠశాల అన్న పేరులోనే చెల్లెలికి చోటు లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచేదాకా తెలుగు పెద్దమనుషుల్లో చాలామందికి ఆ ఆలోచనే రాలేదు. పచ్చయప్ప సంస్థల్లో 1947 దాకా హిందువులకే ప్రవేశం. ఆ హిందువుల్లో కూడా అంటరానివాళ్లని ముద్ర వేసినవారికి ఈ మేడల తలుపులు ఎంత తెరుచుకున్నాయో ఊహించుకోవచ్చు. 1894లో అడయారులో కర్నల్ ఆల్కాట్ వాళ్ల పిల్లల కోసం విడిగా ఉచిత బడి పెట్టవలసి రావడమే దానికి సాక్ష్యం. మతం పోతుందన్న భయంతో కట్టిన గోడ, లోపలివాళ్లను కాపాడినంత గట్టిగా బయటివాళ్లను ఆపింది. ఆ బడుల గొప్పతనం చెప్పుకునే ప్రతిసారీ ఈ మాట కూడా చెప్పుకోవాలి.

ఆంధ్ర బాలుర బడి అడుగుజాడల్లో చెన్నపట్నంలో తెలుగువాళ్లు మరికొన్ని బడులు నిలబెట్టారు. జార్జిటౌన్‌లో కన్యకాపరమేశ్వరి దేవస్థానం వాళ్ల మగపిల్లల హైస్కూలు. మైలాపూరు, టి.నగర్‌లలో కేసరి బడులు. ఈ కేసరి గారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒంగోలు దగ్గరి పల్లెటూరి నుంచి చేతిలో ఏమీ లేకుండా చదువు కోసం పట్నం వచ్చిన పిల్లవాడు డాక్టర్ కె.ఎన్. కేసరి. వైద్యంలో, మందుల వ్యాపారంలో సంపాదించాడు, గృహలక్ష్మి పత్రిక నడిపాడు, తన చిన్ననాటి ముచ్చట్లు పుస్తకంగా రాశాడు. సంపాదించినదాంట్లోంచి తెలుగు పిల్లలకు బడి కట్టాడు. పట్నంలో చదువు కోసం పడిన పాట్లు మరిచిపోని మనిషి మాత్రమే చేయగల పని అది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు తమిళుల వైపే ఉండిపోయింది. ఉద్యోగాలు, ఆఫీసులు, ఆ వెనకే ప్రెస్సులు, ఆఖరికి సినిమా తరలిపోయాయి. తెలుగు పీరియడు గంటకు లేచే పిల్లలు ఏటేటా తగ్గారు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చి, 2016 నాటికి పదో తరగతి పరీక్షను తాకింది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ పిల్లల తల్లిదండ్రులు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు తిరిగి మినహాయింపులు తెచ్చుకున్నారు. తమిళనాట బతికే పిల్లలకు తమిళం రావాలన్నదాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇక్కడి తెలుగు పిల్లలకు అది రెండో అమ్మభాషే. కానీ తమిళం నేర్పడానికి తెలుగును పరీక్ష కాగితం మీంచి తీసేయనక్కరలేదని ఒకప్పుడు ఈ పట్నం బడులే ఆచరణలో చూపించాయి. కోర్టుల్లో వాదించేటప్పుడు మన సంఘాలు చూపించదగ్గ సాక్ష్యం ఆ తిరువల్లిక్కేణి ఏర్పాటే.

2027లో ఆ రెండు పాఠశాలలకు 175 ఏళ్లు నిండుతాయి. ఉత్సవాలు జరుగుతాయి, ఫొటోలు వేస్తారు, చంద్రశేఖర్ పేరు, శాస్త్రి పేరు వినిపిస్తాయి. ఆంధ్ర బాలుర పాఠశాల పేరు వినిపించాలంటే ఆ పని మనమే చెయ్యాలి. అక్కడ తెలుగు చెప్పిన పండితుల పేర్లు, అక్కడ తెలుగు చదివిన పిల్లల పేర్లు ఒకచోట చేర్చాలి. మాధవరం, పెరంబూరు, చాకలిపేట, తిరువల్లిక్కేణి ఇళ్లలో తాతల ట్రంకుపెట్టెల్లో పాత ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు, బడిలో ఇచ్చిన బహుమతి పుస్తకాలు, గ్రూపు ఫొటోలు ఇంకా ఉంటాయి. వాటిని పాతకాగితాలవాడికి వేసేముందు ఒకసారి తెరిచి చూడండి. రెండో భాష గడిలో తెలుగు అని, పైన ట్రిప్లికేన్ అని కనిపిస్తే, ఒక నకలు తీయించి ఊళ్లో ఉన్న తెలుగు సంఘానికో, బడి పూర్వవిద్యార్థులకో అందజేయండి.